కుమ్మరి పురుగుల పిల్ల

మొన్న మా కోడలు పురుగుల మందు డబ్బా పట్టుకుని బాల్కనీలోకి ఉరికింది. ఏసీ పైపు గోడలోకి దూరే చోట గుప్పెడంత మట్టి గడ్డ కనిపించిందట.

“అత్తమ్మా, జర పక్కకు జరుగుండ్రి, కొడ్త.”

“ఏయ్, ఆగు! డబ్బా ఇటియ్యి.”

“మట్టి పెడ్డకు గింత కొట్లాటనా?”

“మట్టి పెడ్డ కాదే. కుమ్మరి పురుగు ఇల్లు. లోపట పిల్లలుంటయి.”

డబ్బా గుంజుకుని నా మంచం కింద పెట్టుకున్నాను. ఇంతవరకూ తిరిగి ఇవ్వలేదు. కోడలు గొణుక్కుంటూ లోపలికి పోయింది. నేను అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి పురుగు వచ్చింది. నల్లని ఒళ్లు, పసుపు కాళ్లు, దారంలాంటి నడుము, నోట్లో తడి మట్టి ఉండ. గోడకు మెత్తుతూ జుమ్మని సన్నగా రాగం తీసింది. ఆ రాగం చెవిన పడగానే ఆ పిల్ల నా ముందు బకెట్టు బోర్లించుకుని కూర్చున్నట్టే అనిపించింది.

ఆమె పేరు చెప్పను. చెప్పినా మా సందులో ఎవరూ గుర్తుపట్టరు. అందరికీ ఆమె పురుగుల పిల్లే. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు నంబరు పోల్చుకోవడం వచ్చు, అంతకు మించి చదువు లేదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో, ఏం చేస్తోందో నాకు తెలియదు. మా పాత ఇల్లు రోడ్డు వెడల్పులో పోయాక ఎవరి దారి వాళ్లదయింది. నాకు తెలిసిందల్లా ఆమె మా ఇంట్లో ఉన్న రోజులే.

అప్పటికి కొండాపూర్ ఇంకా ఊరు పోలికలోనే ఉండేది. ఊరి చుట్టూ బండలు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వాటిని మందు పెట్టి పేల్చేవారు. అరలో గిన్నెలు గలగలమనేవి, మేకలు కట్టుతాళ్లు తెంచుకునేవి. అవతల కంప్యూటర్ల వాళ్ల కోసం గుండ్రటి బిల్డింగు ఒకటి లేస్తోంది. దాని మీద పని చేయడానికి అనంతపురం వైపు నుంచి ఒక మేస్త్రీ వచ్చి మా రెండో గది కిరాయికి తీసుకున్నాడు. భార్య ఊళ్లో చేను చూసుకుంటోంది. వెంట కూతురు, పట్నంలో బీఎస్సీ రెండో ఏడు. నా భర్త పోయి అప్పటికి నాలుగేళ్లు. కొడుకు బాలానగర్‌లో లేత్ పని నేర్చుకుంటూ అక్కడే ఉండేవాడు. ఇంట్లో మాట్లాడే మనిషి దొరికిందని సంబరపడ్డాను. తీరా చూస్తే ఆ పిల్ల నాతో కాదు, నా గోడతో మాట్లాడేది.

వాళ్లు దిగిన మూడో రోజే చూశాను. వాళ్ల నాయన పాత చొక్కా చుడీదారు మీద తొడుక్కుని, జడలో పెన్సిల్ గుచ్చుకుని, మా నీళ్ల బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. ఎదురుగా వసారా గోడ. ఊపిరి కూడా మెల్లగా తీస్తోంది.

“ఏందే పిల్లా, గోడకేమన్న దయ్యం పట్టిందా?”

చెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు చూపింది. నా ఇంట్లో నన్నే ఆగమంటుంది! బకెట్టు కింద నుంచి లాగేద్దామనుకున్నాను. అంతలో పురుగు ఎగిరిపోయింది. అప్పుడు నా వైపు తిరిగింది.

“అత్తా, ఇది మన్ను యాడినుంచి తెస్తాండాదో నీకు తెలుసునా?”

“బోరింగు కాడికెల్లి. ఇంకేడికెల్లి తెస్తది?”

“నువ్వు చూసినావా, ఎవరన్నా చెప్పినారా?”

ఆ మాట ఆమె ఎన్నిసార్లు అడిగేదో లెక్కలేదు. అన్నం పెడుతున్నా అదే, బట్టలు పిండుతున్నా అదే. ముప్పై ఏళ్లుగా బోరింగు అక్కడే ఉంది, పురుగులూ ఉన్నాయి. ఒక్కరోజు కూడా చూడలేదు.

పక్కింటి మల్లమ్మకయితే ఆ ప్రశ్న ప్రాణాంతకం. ఒకరోజు గోడ మీది గూళ్లు చూసి ముక్కున వేలేసుకుంది. కుమ్మరి పురుగు ఇంట్లో గూడు కడితే ఆ ఇంట్లో బిడ్డ పుడుతుందని మా వైపు నమ్మకం. అందుకే ఆ గూళ్లను ఎవరూ పగలగొట్టరు.

“ఏందక్కా, మీ ఇంట్ల పదకొండు గూళ్లున్నయి! గిప్పుడెవలకు బిడ్డలు?” అంది నవ్వుతూ.

“నాకేనే. నీ మొగణ్ణి జర మా గోడ దిక్కు రానియ్యకు” అన్నాను.

పిల్ల మాత్రం నవ్వకుండా అడిగింది. “మల్లమ్మత్తా, గూడు కట్టినంక బిడ్డ పుట్టింది నువ్వు చూసినావా?”

“మా అత్త చెప్పింది.”

“ఆమె చూసిందంటనా?”

“ఆమె సచ్చి పదేండ్లాయె. పోయి అడుగు, పో!”

మల్లమ్మ విసురుగా వెళ్లిపోయింది. సందులో ఎవరి గురించి ఏం మోసుకొచ్చినా ఈ పిల్ల ఇదే అడగడంతో, కొన్నాళ్లకు మా వసారాలో చాడీలే బందయ్యాయి. నాకయితే అది పెద్ద లోటే అయింది.

ఇంకొక వింత, ఆమె నవ్వు. ఎవరయినా హాస్యమాడితే అప్పుడు నవ్వేది కాదు. అందరూ మరిచిపోయాక, చెంబుతో నీళ్లు ముంచుకుంటూనో, దువ్వెన పట్టుకునో ఉన్నట్టుండి నవ్వేది. మల్లమ్మ మొగుడి మీద నేనన్న మాటకు ఆ సాయంత్రం పొయ్యి ముందు ఒక్కతే కూర్చుని పడీపడీ నవ్వింది.

ఈ గోడ సంగతంతా దేనికో తర్వాత తెలిసింది. పనామా అనే దేశంలో ఏడాది పొడవునా వేడి, వాన ఉండే అడవి ఉందట. అడవి మధ్యలో సైన్సు వాళ్ల బస. డిగ్రీ చదివే పిల్లల్ని దేశదేశాల నుంచి ఏరి, పది వారాలు అక్కడ ఉంచుకుని పని నేర్పుతారట. టికెట్టూ తిండీ వాళ్లవే. కాలేజీ గోడకు అంటించిన కాగితం చూసి పిల్ల దాన్ని పూర్తిగా నోటుబుక్కులో ఎక్కించుకొచ్చింది. దరఖాస్తుతో పాటు, మీకు దగ్గరలో ఉన్న ఏదో ఒక ప్రాణిని ఆరు వారాలు మీరే చూసి రాయాలన్నారు. చదివింది కాదు, చూసింది రాయాలి. దీపావళి దాటిన వారానికి కవరు పోస్టులో పడాలి.

“అడవికి పోవాలంటే ముందు అడవి సూడొద్దా? గోడ మీది పురుగు జూస్తె ఏమొస్తది?” అన్నాను.

“నాకి అడవి యాడుంది అత్తా? మీ గోడే నా అడవి.”

వాళ్ల నాయన ఒక పక్కన కూర్చుని కాళ్లకంటిన సిమెంటు గీక్కుంటున్నాడు. ఆయన ఎదురు చెప్పలేదు.

“కాయితం రానీలేమ్మా. వస్తే అప్పుడు చూస్తాం” అన్నాడు, ఊరికే.

పిల్ల పట్టుకున్న సంగతి ఇది. మా గూళ్లు కొన్ని పూర్తిగా ఎర్రగా ఉన్నాయి, కొన్ని ఎరుపూ బూడిదరంగూ చారలుగా ఉన్నాయి. ఎర్రమన్ను మా బోరింగు దగ్గరిది. బూడిదరంగుది వెనక సందులో కొత్త అపార్టుమెంటుకు పునాదులు తవ్వే చోట, రాతిపొడి నీళ్లలో కలిసిన బురద. పురుగు ఎప్పుడు ఎటు పోతుంది, ఏ మన్ను ఎన్నిసార్లు తెస్తుంది, ఎందుకు మారుస్తుంది, ఇదీ ఆమెకు కావాల్సింది. ఒక్కొక్క గూటి పక్కన బొగ్గుముక్కతో నంబరు వేసింది. మేస్త్రీకి కూడా పురుగు పనితనం నచ్చింది. “మాలు కలిపేది చూడక్కా. మా కూలోళ్లకి సిమెంటు మాల్లో తడి ఎంత వెయ్యాల్నో రోజూ చెప్పాల” అనేవాడు.

పిల్ల పొద్దున కాలేజీకి రెండు బస్సులు మారి పోయేది. పగలు చూసేదెవరు? నేనే. పాత క్యాలెండరు కాగితం ఒకటి ఇచ్చి, దాని వెనక గీతలు గీయమంది. ఎర్రమన్ను తెస్తే ఇటుక ముక్కతో గీత, బూడిదరంగు తెస్తే బొగ్గుతో గీత. వచ్చిన ప్రతిసారికీ ఒకటి. ఇదీ ఒక మనిషి చేసే పనేనా అని మొదట నవ్వాను. నాలుగు రోజులయ్యేసరికి ఆ పురుగు రావడం పది నిమిషాలు ఆలస్యమయితే కూర పొయ్యి మీద వదిలి వీధిలోకి తొంగి చూడడం మొదలుపెట్టాను. గూట్లోకి సాలెపురుగుల్ని ఈడ్చుకొచ్చి కుక్కడం కూడా అప్పుడే చూశాను.

“సచ్చినవా అవి?”

“సావలేదత్తా. కదలకుండా పండుకోబెట్టింది. దాని బిడ్డ లేసినంక తాజాగా తినాల గదా.”

ఆ రోజంతా నాకు సాలెపురుగుల మీద జాలి, పురుగు మీద గౌరవం.

ఒకరోజు కునుకు పట్టింది. ఉక్కపోసే మధ్యాహ్నం, ఎంత సేపు పడుకున్నానో తెలియదు. లేచి చూస్తే గూడు వేలెడు పెరిగి ఉంది. ఏం చేయాలి? పొద్దున నుంచీ ఎలా వచ్చిందో చూశాను కదా, అదే లెక్కన ఏడు ఇటుక గీతలు గీసేశాను. సాయంత్రం పిల్ల కాగితం వెలుతురుకు పెట్టి చూసింది.

“అత్తా, పైన గీతలన్నీ ఒకటి వంకర, ఒకటి పొట్టి. ఈ ఏడు మాత్రం ఒకే మాదిరి ఉండాయి. ఒకేసారి గీసినావా?”

నా ముఖం మాడిపోయింది. “జర కన్నంటుకుంది” అన్నాను.

కోప్పడలేదు. జడలోంచి పెన్సిల్ తీసి ఆ ఏడింటినీ కొట్టేసి, పక్కన ఏదో రాసింది.

“ఏం రాసినవే? ముసల్ది పండిందని రాసినవా?”

“ఈ మధ్యాహ్నం చూల్లేదు అని రాసినా.”

నా జీవితంలో నన్ను చాలామంది తిట్టారు. అత్త తిట్టింది, భర్త తిట్టాడు, రేషన్ దుకాణం వాడు తిట్టాడు. ఒక్క తిట్టూ ఇంత లోపలికి దిగలేదు. ఆ తర్వాత నేను నిద్రపోలేదు. కునుకొస్తే ముఖం మీద నీళ్లు కొట్టుకునేదాన్ని.

ఇలా మూడు వారాలు గడిచాయి. దసరా వచ్చింది. తండ్రీ కూతుళ్లు వారం రోజులకు ఊరు వెళ్లారు. పిల్ల గూళ్లన్నీ నాకు అప్పజెప్పి వెళ్లింది.

ఇక్కడే నేను చేసిన నిర్వాకం చెప్పాలి. దసరాకు గోడలకు సున్నం వేయకుండా ఉండడం మా ఇళ్లల్లో ఉండదు. అత్తగారి కాలం నుంచీ ఒక్క ఏడు తప్పలేదు, భర్త పోయిన ఏడు తప్ప. గూడు పగలగొట్టకూడదు, అది తెలుసు. కానీ గోడ అంతా తెల్లగా మెరుస్తుంటే మధ్యలో మట్టి ముద్దలేంటి, దరిద్రంగా! పగలగొట్టలేదు. ఎంత భక్తిగా చేశానంటే, కుంచె సున్నంలో ముంచి, ఒక్కొక్క గూటినీ పసిబిడ్డ తల నిమిరినట్టు నిమిరి పూశాను. ఒక పూత కాదు, రెండు పూతలు. పిల్ల వచ్చి చూసి మురిసిపోతుందనుకున్నాను. ముందుగోడ మీద ఏడు గూళ్లు. వెనక మేకల కొట్టంలో ఉన్న నాలుగింటికి మాత్రం సున్నం చాలలేదు.

పిల్ల వచ్చింది. సంచి కింద పెట్టకుండానే గోడ వైపు చూసింది. నంబర్లు లేవు, చారలు లేవు. తెల్లటి గోడ మీద ఏడు తెల్లటి బొడిపెలు. మెల్లగా పోయి బకెట్టు బోర్లించుకుని కూర్చుంది. ఆమె ముఖం చూశాకే నాకు తెలిసింది నేనేం చేశానో.

“బిడ్డా... పండగ కదా అని...”

మేస్త్రీ గోడ చూసి, కూతుర్ని చూసి తల గోక్కున్నాడు.

“ఎన్ని దినాలు మిగిలినాయమ్మా?”

“మూడు వారాలు” అంది. “ఈ గూళ్లు లేకపోతే పంపేదానికి ఏమీ లేదు నాయనా. ఈ సారికి లేదింక.”

“దీనికెందుకింత దిగులు? ఆ చారలు ఎట్లుంటాయో నీకు తెలుసు, అక్కకి తెలుసు. కూర్చోని నింపేయండి. పనామా వాళ్లు వచ్చి గోడ గీకి చూస్తారా?”

తప్పు నాది. ఆ మాట పట్టుకుంటే నా తప్పు కొట్టుకుపోతుంది. నాకు ఆ గోడ కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. చెబితే రాసుకుంటుందేమో. నోటి దాకా వచ్చింది.

“వద్దు తమ్మీ” అన్నాను. “ఏడు గీతలు నింపితెనే పట్టుకుంది నీ బిడ్డె. పోతె పోనియ్యి, అవద్దం వద్దు.”

పిల్ల నా వైపు చూసింది. మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటూ, నోటి నిండా నురగతో ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి గోడ పట్టుకుంది.

“రెండు పూతలు వేసినావా అత్తా! రెండు!”

“సాలలేదా? ఇంకోటి ఎయ్యాల్నా?”

నవ్వు ఆగాక నోరు కడుక్కుని వచ్చి, మళ్లీ బకెట్టు మీద కూర్చుంది. ఈసారి ముఖం వేరు. “అత్తా, లోపల పిల్లలుండాయి గదా. ఈ సున్నం పగలగొట్టుకోని అవి బయటికి వస్తాయా, రావా? నువ్వు ఎప్పుడన్నా చూసినావా?”

ప్రతి దసరాకూ వేస్తాం సున్నం. ఎప్పుడూ చూడలేదు.

మూడు వారాలూ ఇద్దరం అదే చూశాం. వెనక కొట్టంలో సున్నం లేని నాలుగూ, ముందు సున్నం పడ్డ ఏడూ. నాలుగింటికీ ముందే బెజ్జాలు పడి పురుగులు ఎగిరిపోయాయి. ముందుగోడ మీదివి ఎంతకూ రావు. పొద్దున లేవగానే పోయి గోడకు చెవి ఆనించేదాన్ని. మల్లమ్మ చూసి “అక్కకు పురుగుల పిల్ల గాలి సోకింది” అని సందంతా చెప్పింది. దీపావళికి రెండు రోజుల ముందు, చెవికి గరగరమని వినిపించింది.

“పిల్లా! ఉరుకిరా! లోపట గీకుతున్నది!”

సున్నం పెచ్చు లేచింది. బెజ్జంలోంచి ముందు తల, తర్వాత కాళ్లు. పురుగు బయటికి వచ్చి, నా గోడ మీద నిలబడి రెక్కలు దులుపుకుంది. తల నిండా తెల్లటి పొడి, తిరునాళ్లలో పౌడరు అద్దుకున్న పిల్లలా. నేనయితే చప్పట్లు కొట్టాను. పిల్ల గడియారం చూసి రాసుకుంది.

ఏడింట్లో అయిదు తెరుచుకున్నాయి. రెండు తెరుచుకోలేదు. కవరు పోస్టు చేసే రోజు దాకా ఆగాం. రాలేదు.

“ఆ రెండు నా పాపమే” అన్నాను. “గది గూడ రాస్తవా?”

“రాస్తా అత్తా. కానీ పాపమని రాయను. రెండు అని రాస్తా.”

సున్నం సంగతి దాచలేదు. ఇంటావిడ పండగకు సున్నం వేసింది, అందుకని చారల పని సగంలో ఆగిపోయింది, అప్పటి నుంచి ఇది చూశాం, అని ఉన్నది ఉన్నట్టు రాసింది. పంపే ముందు నాకు చదివి వినిపించింది. పగలు చూసింది ఇంటి అత్త అని ప్రతి కాగితం కిందా ఉందట. నాకు సిగ్గేసింది, తీసేయమన్నాను. “నువ్వు చూసినప్పుడు నేను చూసినానని ఎట్ల రాయాల?” అంది.

తర్వాత చలికాలం పోయింది. ఎండలు మొదలవుతుండగా ఒకరోజు పోస్టుమ్యాను లావుపాటి కవరు నా చేతిలో పెట్టాడు. పిల్ల కాలేజీకి పోయింది. ఆమె వచ్చే దాకా ఆగడం నా వల్ల కాలేదు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఆ గుండ్రటి బిల్డింగు దాకా నడిచాను. మేస్త్రీ ఎక్కడో పైన ఉన్నాడు. కింద నుంచి అరిచి దింపాను. ఇద్దరం పోయి ఒక ఇంజనీరు బాబు ముందు నిలబడ్డాం. ఆయన కవరు చింపి, చదివి, మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

“మేస్త్రీ, మీ అమ్మాయిని తీసుకున్నారండి. జూన్‌లో ప్రయాణం. అన్నీ వాళ్లే చూసుకుంటారు.”

మేస్త్రీ తాపీ చేతిలోంచి కింద పెట్టాడు.

“కాయితం అచ్చింది కద తమ్మీ” అన్నాను. “అస్తె సూద్దామంటివి.”

“రాదనుకోని అంటి గదక్కా.”

ఇంజనీరు బాబు ముఖం తిప్పుకుని నవ్వాడు. మేస్త్రీ ఆయన్నే అడిగాడు. “సార్, ఆడ పాములుంటాయా?”

“అడవి కదండీ, ఉంటాయి.”

“ఊళ్లో కూడా ఉండాయిలే” అన్నాడు మేస్త్రీ తనలో తనే. తర్వాత తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, “సార్, పాస్‌పోర్టుకి యాడికి పోవాల?” అని అడిగాడు.

పిల్ల జూన్‌లో వెళ్లింది. ఇల్లు బోసిపోయింది. మేస్త్రీ పని నుంచి వచ్చి వసారాలో కూర్చునేవాడు, నేను అన్నం పెట్టేదాన్ని, తిని గదిలోకి పోయేవాడు. నెల గడిచాక ఒక ఉత్తరం వచ్చింది. మేస్త్రీకి వేరే వచ్చింది, తెలుగులో, రెండు ముక్కలు, బాగున్నానని. ఇది నా పేరు మీద వచ్చింది. మల్లమ్మ కొడుకు చేత చదివిస్తానని చెయ్యి చాపింది. నేను విప్పి చూశాను. నాలుగు కాగితాలు. ఒక్క అక్షరం లేదు. అన్నీ బొమ్మలే.

మొదటి దాంట్లో చెట్టు. దాని వేర్లు గోడల్లా మనిషెత్తున నిలబడ్డాయి, వాటి మధ్య చీమంత పిల్ల, జడలో పెన్సిల్. రెండో దాంట్లో వాన. ఆకాశం నుంచి నేల దాకా గీతలే గీతలు, పిల్ల బూట్లలోంచి నీళ్లు ఒలుకుతున్నాయి, నెత్తిన ప్లాస్టిక్ కవరు. మూడో దాంట్లో చీమల బారు, ఒక్కొక్కటీ ఆకు ముక్క గొడుగులా పట్టుకుని పోతోంది. పక్కన కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన నోరు తెరుచుకుని ఉన్నాడు, పిల్ల ఆయన ముందు వేలు చూపిస్తూ ఏదో అడుగుతోంది. నాలుగో దాంట్లో పళ్లెం, అందులో అన్నం, నల్లటి గింజల కూర.

మల్లమ్మ చాపిన చెయ్యి అలాగే ఉంది. “చదివించాల్నా వద్దా?”

“నాకచ్చు” అన్నాను. “కూసో, నేనే సదివి సెప్త.”

ఆ సాయంత్రం మేస్త్రీకి చదివాను. అన్నం ఉంది తమ్మీ, పప్పు జర నల్లగుంది. వానలు మస్తు పడుతున్నయి, బిడ్డె తడిసింది గని నవ్వుతున్నది. ఒక పెద్ద సారును ఏదో అడిగింది, ఆయనకు జవాబు తెలుస్తలేదు. మేస్త్రీ మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని విన్నాడు. మర్నాడు పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే వసారాలో కూర్చున్నాడు.

“అక్కా, ఇంగోసారి చదువు.”

“నిన్ననే సదివిన కద తమ్మీ.”

“నిన్న వాన కాడ తొందరగా పోయినావు. నిదానంగా చదువు.”

నేను గొంతు సవరించుకుని మొదటి కాగితం విప్పాను.